అక్క పడమంటే పడ్డాను

మా బావ రచయితగా బతికి బట్టకట్టాడంటే అది నా చలవే. ఆయన కోసం పత్రికాఫీసు మెట్లు పదకొండింటి మీంచి కావాలని దొర్లిపడ్డ మనిషిని నేను.

బావ ప్రతి గురువారం పత్రికలో హాస్యం రాసేవాడు. ఇరవై ఆరేళ్లు రాశాడు. ఆయన నవ్వగా నేను చూడలేదు, కట్టుకున్న మా అక్కా చూడలేదు. సొంతంగా ఒక్క జోకు పుట్టించలేని మనిషి. ఆయన సరుకంతా నేనే. 'మా బావమరిది' అని మొదలుపెట్టి, నేను తలకి రంగనుకుని బూటు పాలిష్ పూసుకున్నదీ, ఎవరి శవమో చూసుకోకుండా దాని వెనక ఏడుస్తూ రెండు మైళ్లు నడిచిందీ అచ్చేసేవాడు. నా సైకిల్ రిపేరు కొట్టుకి వచ్చినవాళ్లు గాలి కొట్టించుకుంటూ నా నెత్తికేసి చూసేవారు.

ఒక ఏడాది ఒళ్లు మండి బుద్ధిమంతుడిలా బతకడం మొదలుపెట్టాను. బావ ఇంటికెళ్తే కాళ్లు తుడుచుకుని, కుర్చీలో సరిగ్గా కూర్చుని, ఎండ గురించి మాట్లాడి వచ్చేసేవాణ్ణి. నాలుగు వారాల్లో బావ ఎండిపోయాడు. ఒక గురువారం గొడుగు గురించి రాశాడు. మరో గురువారం ఫ్యాను గురించి. వచ్చేవారమూ ఇదే గోలైతే ఆ చోట్లో గళ్ల నుడికట్టు వేసుకుంటామని ఎడిటరు తేల్చేశాడు.

అక్క కొట్టుకొచ్చింది.

"ఒరే తమ్ముడూ, ఎక్కడైనా కాస్త పడరా."

"పడటమేంటే అక్కా?"

"ఎక్కువొద్దు, ఓ మోస్తరుగా. మీ బావ అన్నం మానేసి గోడకేసి చూస్తున్నాడు."

"నేను మనిషినే, ఆయన సిరాబుడ్డిని కాదు."

"మనిషివి కాబట్టే అడుగుతున్నా. సిరాబుడ్డివైతే నేనే తన్నేసేదాన్ని."

మర్నాడు బావ మరిచిపోయిన కళ్లజోడు పట్టుకుని ఆఫీసుకెళ్లాను. పైమెట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. కావాలని పడ్డానని ఇందాక కోసింది ఉత్త కోతే. ధైర్యం చాలక ఇంటికి పోదామని వెనక్కి తిరిగాను, అప్పుడు జారింది కాలు. చీలమండ విరిగింది.

బావ ఆసుపత్రికి వచ్చాడు. నొప్పిగా ఉందా అని అడగలేదు. జేబులోంచి పుస్తకం తీసి, "ఎన్ని మెట్లు?" అన్నాడు.

"పదకొండు."

గురువారం పత్రిక తెరిచాను. 'మొన్న నేను మా ఆఫీసు మెట్లు పదకొండింటి మీంచి పడ్డాను' అని మొదలెట్టాడు. ఆయన పడ్డాట్ట. బావమరిది మచ్చుకైనా లేడు. తన మీద తానే నవ్వుకోగల పెద్దమనసని జనం ఉత్తరాలు రాశారు. నుడికట్టు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ పడటాన్నే సాగదీసి రెండొందల పేజీల హాస్య నవల చేశాడు, దానికి బహుమతి కూడా ఇచ్చారు. అందుకోడానికి వేదిక ఎక్కుతూ కాస్త కుంటాడు మహానుభావుడు. అదీ ఎడమ కాలు. విరిగింది నా కుడిది.

పక్కన కూర్చున్న అక్క నా చెవిలో, "నీ అంత బాగా రావట్లేదురా" అంది.

ఇన్నేళ్లుగా బావకి చెప్పనిది ఒకటుంది. ఆ ఆఫీసుకి ఉన్నవి మూడే మెట్లు. పదకొండన్నది మంచం మీద నేను కల్పించింది. రోజూ అవే మెట్లెక్కి దిగే మనిషి, ఒక్కసారైనా లెక్కపెట్టుకోకుండా అచ్చేశాడు.