నాలుగో నెట్టు

చెప్పులు కిందే విడిచి రావలసింది, చెక్క మెట్టు మీద పట్టు దొరకటం లేదు, కానీ ఇప్పుడు దిగి విప్పుకుంటే మేనేజరు నవ్వుతాడు, ఇందాకే నవ్వాడు, ఆడిటర్లు పెన్ను కన్నా బరువైంది ఎత్తరనుకున్నా మేడమ్, నిచ్చెనలు కూడా ఎక్కుతారా అని, ఆయన నవ్వాడు కదా అని రేకుల కప్పు కింద, గోనెసంచుల దుమ్ములో, ఉన్నవాళ్ళందరూ నవ్వారు, ఒక్క మనిషి తప్ప, ఆ ఒక్క మనిషే ఇప్పుడు కింద నిలబడి రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు, ఆయన ఆమె నాన్న, ఆ సంగతి ఇక్కడ ఆయనకూ ఆమెకూ తప్ప ఇంకెవరికీ తెలియదు, అదే భయం, కాదు, అదొక భయం, భయాలు కూడా బస్తాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, ఏది లాగితే ఏది కూలుతుందో తెలియదు, ఇంకో మెట్టు, కిందికి చూడకు, నేల విడిచి సాము చేసేవాళ్ళను చూసి నవ్వేదానివే నువ్వు, ఇప్పుడు చెయ్యి.

పొద్దున గేటు దాటేటప్పుడు ఆమెకు ఏమీ తెలియదు, నాన్న హమాలీ, కాంట్రాక్టరు ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తాడు, పోయిన నెల సిమెంటు, అంతకు ముందు ఎరువులు, ఇవాళ ఎక్కడ నాన్నా అంటే బరువున్న చోట అంటాడు, అంతకు మించి ఇంట్లో ఎవరూ అడగరు, ఆమేమో ఆడిటర్ గారి దగ్గర ట్రైనింగ్‌లో ఉన్న పిల్ల, సీనియర్ వెంట సరుకు చూడటానికి వచ్చింది, పుస్తకంలో రాసుకున్న పంచదార గోడౌన్‌లో నిజంగా ఉందా లేదా, అంతే పని, చెబితే ఎంత తేలిక, లారీ పక్కన తలకు తువ్వాలు చుట్టుకుని వంగి ఉన్న మనిషి నడుము పట్టుకుని లేచాడు, ఆ లేవటం చూసి, ముఖం చూడకముందే, నాన్నే అని తెలిసిపోయింది, నోరు తెరిచింది, ఆయన చూపు ఆమె మీద వాలి, ఆగకుండా గోడ మీదికి జారిపోయింది, పక్కకు జరగండి మేడమ్ గారూ, బస్తా తగులుతుంది అన్నాడు, మేడమ్ గారూ, కన్న కూతుర్ని, చిన్నప్పుడు ఇదే వీపు మీద వేసుకుని వీధంతా తిరిగేవాడు, బస్తా కావాలా బస్తా, చక్కటి పంచదార బస్తా, ఎంతిచ్చినా అమ్మను అని అరుచుకుంటూ, ఆమె ఆయన మెడ మడతల్లో అంటుకున్న పంచదార పొడి వేలితో అద్దుకుని నాకితే అమ్మ ఛీ, చెమటే అది అనేది, తియ్యగానే ఉందమ్మా అనేది తను, ఏంటి అలా నిలబడిపోయావ్, తెలిసినవాళ్ళా అని సీనియర్ అడిగాడు, లేదండీ అంది.

లేదండీ అన్న ఆ మాట ఇంకా గొంతులో చేపముల్లులా అడ్డంగా ఉంది, మింగితే దిగదు, కక్కితే రాదు, చేరిన రోజునే ఆడిటర్ గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చెప్పారు, మనం లెక్క చూసే చోట మనవాళ్ళుంటే ముందే నోరు విప్పాలమ్మా, ముందు చెబితే అది సమాచారం, తర్వాత చెబితే సంజాయిషీ అని, ఆమె తల ఊపింది, తల ఊపటం ఆమెకు బాగా వచ్చు, మావాళ్ళెవరండీ అంత పెద్ద చోట్ల పనిచేసేది అనుకుంది లోపల, ఇంటిల్లిపాదిలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తను, డెబిట్ అంటే వచ్చినట్టా పోయినట్టా అని అమ్మ అడిగితే ఒక్కోసారి వచ్చినట్టు ఒక్కోసారి పోయినట్టు అని చెప్పింది, ఆ మాత్రానికి ఇన్నేళ్ళ చదువెందుకే, నా కుట్టుమిషను కూడా అంతే, ఒక్కోసారి కుడుతుంది ఒక్కోసారి కుట్టదు అంది అమ్మ, పక్కింటి పిన్ని అయితే ఇంకా పరీక్షలేనా తల్లీ, ఈపాటికి డాక్టరు చదివుంటే నీ రోగులు కోలుకుని ఇళ్ళకు కూడా పోయేవాళ్ళు అంది, సీఏలో కాస్టింగ్ పేపరు రెండోసారి తప్పినప్పుడు గోడవైపు తిరిగి పడుకుంటే నాన్న వచ్చి మంచం అంచున కూర్చున్నాడు, బస్తా జారితే మళ్ళీ ఎత్తుతాం, దానికి అన్నం మానేస్తామా, లే, అన్నాడు, లేచింది, మూడోసారి గట్టెక్కింది, ఇక మిగిలింది చివరి పరీక్ష, అది రాయాలంటే ఈ పిల్ల నా దగ్గర పని నేర్చుకుంది అని ఆడిటర్ గారు సంతకం చేయాలి, ఆ ఆడిటర్ గారి ఆఫీసులో ఫ్యాన్లు తిరిగేది ఈ పంచదార కంపెనీ ఇచ్చే ఫీజుతోనే అని సీనియర్ ఎప్పుడూ అనే జోకు, జోకులా ఉండదది, గాలి ఆడనట్టు ఉంటుంది.

బస్తాలను ఇంటి గోడలా ఎత్తుగా పేర్చిన దాన్ని నెట్టు అంటారని కూడా ఆమెకు నాన్న వల్లే తెలుసు, మొదటి మూడు నెట్లూ సీనియర్ కింద నిలబడే ముగించాడు, పొడవు ఇన్ని బస్తాలు, వెడల్పు ఇన్ని, ఎత్తు ఇన్ని, గుణించు, టిక్కు పెట్టు, ఆఫీసులో ఆయన్ని టిక్కుల మావయ్య అంటారు, పెన్ను కాగితం మీద వాలకముందే టిక్కు పడుతుంది, అంతలో ఆడిటర్ గారు ఫోన్ చేసి ఒక్కటైనా పైకెక్కి చూడండి, ఏది ఎక్కాలో మీరు చెప్పాలి, వాళ్ళు కాదు అన్నారు, నాకు మోకాళ్ళ నొప్పులమ్మా, నువ్వు లేతకాళ్ళదానివి, ఎక్కు తల్లీ అని మావయ్య వెళ్ళి మేనేజరు గదిలో ఫ్యాను కింద కూర్చున్నాడు, ఆమె వేలు ఊరికే, ఏ ఆలోచనా లేకుండా, మూలనున్న నాలుగో నెట్టు వైపు పోయింది, అదా మేడమ్, అది వద్దులెండి, అక్కడ లైటు లేదు, ఎలకలు, రెండోది ఎక్కండి, మీకోసమని నిచ్చెన కూడా వేయించాం అన్నాడు మేనేజరు, నవ్వు పెదాల మీద ఉంది కానీ బుగ్గల్లో లేదు, పర్లేదండీ, అదే చూస్తాను అంది, అదేమీ ధైర్యం కాదు, చూపించిన వేలు మడుచుకోవటానికి సిగ్గేసింది, అంతే, టీలు తాగి బిస్కెట్లు తిని ఇప్పుడు తిన్నింటి వాసాలు లెక్కపెడతారన్నమాట, కానివ్వండి, అన్నాడాయన, ఏయ్ పెద్దాయనా, ఇటు రా, నిచ్చెన పట్టు, మేడమ్ పడితే ఆ లెక్క ఎవడు చెప్తాడు, ఇంతమందిలో ఆయన్నే పిలవాలా, నాన్న వచ్చి నిచ్చెన తెచ్చి వేసి, పాదాలు ఎడం చేసి పట్టుకున్నాడు, చూసుకుని ఎక్కు, అని, కాస్త ఆగి, ఎక్కండి అన్నాడు.

చివరి మెట్టు, తల ఇప్పుడు నెట్టు పైకి వచ్చింది, రేకుల వేడి నేరుగా మాడు మీద కొడుతోంది, పైనంతా నీలం టార్పాలిన్, తాడుతో నాలుగువైపులా బిగించి ఉంది, ముందు వరస మీద చెయ్యి వేసింది, రాయిలా ఉంది, పంచదార అంటే ఇలాగే ఉండాలి, దాని వెనక వరసా రాయే, హమ్మయ్య అనుకుంది, అనవసరంగా గుమ్మడికాయల దొంగలా నేనే భుజాలు తడుముకుంటున్నా, వీళ్ళ పంచదార వీళ్ళకు ఉంది, దిగుదాం, టిక్కు పెడదాం, ఇంటికి పోదాం, అనుకుంటూనే చెయ్యి చాచి ఇంకాస్త లోపలికి నొక్కింది, టార్పాలిన్ దిగిపోయింది, కుక్కిమంచంలా, మోచేతి దాకా, కింద ఏమీ తగల్లేదు, చెయ్యి వెనక్కి లాక్కుంది, కాలిందేమో అన్నంత గబుక్కున, చుట్టూ గోడ, మధ్యలో గాలి, పేరుకే నెట్టు.

చూడలేదు కదా ఇంకా, కళ్ళతో చూడలేదు, చెయ్యి తగిలింది అంతే, చేతికి ఏం తెలుసు, టార్పాలిన్ వదులుగా కట్టారేమో, మధ్యలో ఒక వరస తక్కువుందేమో, తాడు ముడి విప్పకపోతే ఎవరూ అడగరు, ఎక్కావా అంటే ఎక్కాను, ఉందా అంటే ఉంది, ముందు వరస ఉంది కదా, అబద్ధం కూడా కాదు, విప్పితే మాత్రం, ఆపు, ఆలోచించు, ఇలాంటి నెట్టు తనంతట తాను మొలవదు, ఎవరో పేర్చారు, మేనేజరు పేర్చలేదు, ఆయన చొక్కా ఇస్త్రీ నలగలేదు, ఇలా పేర్చండి అంటే హమాలీలు పేర్చారు, మధ్యలో ఖాళీ ఎందుకయ్యా అని అడిగినవాడికి మర్నాడు పని ఉండదు, ఈ సరుకు చూసి అప్పిచ్చిన బ్యాంకువాళ్ళు వచ్చి పంచదార ఏదీ అంటే యజమాని మేనేజర్ని చూస్తాడు, మేనేజరు హమాలీలే మోసుకుపోయారండీ అంటాడు, అందరికన్నా ముందు పట్టుకునేది తలకు తువ్వాలు ఉన్నవాడి మెడే, ఆ మెడే, అందులోనూ ఈ హమాలీ కూతురే వచ్చి ఎక్కింది, పొద్దున తెలిసినవాళ్ళా అంటే లేదండీ అంది, ఇద్దరూ కూడబలుక్కున్నారు అంటారు, ఆడిటర్ గారి సంతకం సంగతి దేవుడెరుగు, ముఖం ఎలా చూపిస్తావు, ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, నిచ్చెన మీదున్నవాళ్ళకు రెండూ కిందే ఉంటాయి, ఆడిటింగ్ చెప్పిన మాస్టారి గొంతు ఎక్కడినుంచో, చూశాను అని రాసేముందు మీ కళ్ళను అడగండర్రా, పెన్నును కాదు, ఆయనకేం, ఆయన నల్లబల్ల ముందు నిలబడి చెప్పాడు, ఆయన నిచ్చెన ఎవరు పట్టుకున్నారు.

అయిందా మేడమ్, నిండుకుండలా ఉంది కదా, దిగి రాసేసుకోండి, ఎండ కూడా ముదిరింది, అని మేనేజరు కింద నుంచి, నిచ్చెన వణుకుతోంది, ఛీ, నా కాళ్ళు, ఎంత పిరికిదాన్ని, అని తాడు పట్టుకుని పిక్కలు బిగించింది, ఊపిరి బిగబట్టింది, బరువంతా బస్తాల మీదికి వాల్చింది, అయినా వణుకుతోంది, తన కాళ్ళు కాదు, మెల్లగా తల వంచి చూసింది, నాన్న చేతులు, వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి, ఆ చేతులు వణుకుతుంటే నిచ్చెన వణుకుతోంది, లారీ మీంచి బస్తా వీపు మీద పడ్డప్పుడు వణకని చేతులు, అమ్మ ఆస్పత్రిలో ఉన్న రాత్రి కూడా వణకని చేతులు, ఆయనకు తెలుసు, ఈ నెట్టులో ఏముందో ఏం లేదో ఆయన వీపుకు తెలుసు, తెలిసే వచ్చి పట్టుకున్నాడు, ఒక్క మాట అను నాన్నా, దిగు అను, మేడమ్ గారూ దిగండి అన్నా సరే, దిగుతాను, జన్మంతా నాన్న దిగమన్నాడు అని చెప్పుకుని బతుకుతాను, ఎవరూ తప్పు పట్టరు, పెద్దవాళ్ళ మాట విన్న పిల్ల అంటారు, అను, ఆయన తలెత్తాడు, పొద్దుటినుంచి మొదటిసారి గోడను కాకుండా ఆమెను చూశాడు, కళ్ళనిండా భయం, దాచుకోవటానికి కూడా ప్రయత్నించటం లేదు, పెదాలు కదిలాయి, వస్తోంది, దిగు అనే మాట వస్తోంది, రాలేదు, నోరు మూసుకుని కుడికాలు ఎత్తి అడుగు మెట్టు మీద వేసి బరువంతా అదిమాడు, నిచ్చెన కాస్త నిలిచింది, పూర్తిగా కాదు, మేనేజరు ఏదో అంటున్నాడు, మావయ్య గది గుమ్మంలోకి వచ్చినట్టున్నాడు, ఇంతసేపూ ఆమె భయం పోతే విప్పుదామని చూస్తోంది, అది పోయేది కాదు, ఆయనకే పోలేదు, ఆమెకెలా పోతుంది, పైనా కిందా ఉన్నది ఒకటే భయం, అయినా ఆయన దిగమనటం లేదు, అంత భయంతో కూడా ఆయన దిగమనటం లేదు, నాన్నా, ఇంకొంచెం గట్టిగా పట్టుకో, ముడి విప్పుతున్నా, అంది ఆమె, గోడౌనంతా వినపడేలా.