సగం గీసిన గడ్డం

మత్తు మాన్పించే కేంద్రం నుంచి తమ్ముడు తిరిగి రావడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ గుమ్మంలో ఎదురుచూసిన అమ్మ ఈసారి లేదు. ఆమె పోయిననాడు అతను ఏ మూల పడి ఉన్నాడో ఎవరికీ తెలియలేదు.

తన క్షౌరశాల కుర్చీలో అన్న తానే కూర్చుని, మెడకు తువ్వాలు చుట్టుకున్నాడు. పని మానిన చెయ్యి మళ్లీ కత్తి పడితే ముందుగా యజమాని గడ్డమే గీయాలి. ఆ తర్వాతే పరాయివాళ్లది. అది ఆ దుకాణం ఆనవాయితీ.

"కత్తి అందుకోరా."

"చెయ్యి వణుకుతోంది అన్నయ్యా. నీకేమన్నా అయితే వదిన నన్ను చంపేస్తుంది."

"ముందు నువ్వు నన్ను చంపకుండా చూడు. ఊఁ, కానియ్."

నురుగు పూసి తమ్ముడు కత్తి ఆనించాడు. చెంప దాటింది, దవడ దాటింది, గొంతు దగ్గర చెయ్యి ఆగింది. అన్న కళ్లు మూసుకుని తల ఇంకాస్త వెనక్కి వాల్చాడు.

"అమ్మ చివర్లో నన్ను అడిగిందా?"

"అడిగింది. పనికెళ్లావని చెప్పాను."

తమ్ముడికి చూపు మసకబారింది. కత్తి పక్కన పెట్టి, గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. అన్న కుర్చీ దిగలేదు, తొందరపెట్టలేదు. నురుగు ఆరిపోతున్నా మెడ అలాగే చాచి కూర్చున్నాడు. చాలాసేపటికి తమ్ముడు ముఖం తుడుచుకుని, మళ్లీ నురుగు కలిపాడు.