దర్జీ కొలిచిన వోల్టేజీ

పనిచోట అందరూ క్రేనక్క అని పిలిచే ఆవిడకి ఆ పొద్దున కాలు ఒకచోట నిలవడం లేదు. గొంతు ఆపరేషనయ్యాక అమ్మ నోరు విప్పనేలేదు. ఇవాళ మధ్యాహ్నం డాక్టరు మాట్లాడనిస్తాడట. మొదటి మాట ఫోన్లో పెద్దకూతురితోనే అని, ఆస్పత్రిలో తోడున్న చెల్లెలికి అమ్మ సైగలతో తేల్చి చెప్పేసింది. ఆ మహాతల్లి సైగలు కూడా కేకల్లాగే ఉంటాయి, ఏం చేస్తాం!

ఆ మాట అందుకోవాల్సిన ఫోనేమో వట్టి తిండిపోతు. నిండా ఛార్జింగ్ పెట్టి తీసుకెళ్లినా మధ్యాహ్నానికల్లా చేతులెత్తేస్తుంది. అంత ఎత్తున క్రేన్ క్యాబిన్‌లో ఛార్జర్ పెట్టుకునే వీలే లేదు.

ఆవిడ మొగుడు దర్జీ. బట్టలు కుట్టేది పొట్టకోసం, ఫోన్లు కెలికేది సరదాకోసం. "ప్రాసెసర్‌కి అవసరానికి మించి వోల్టేజీ పోతోందే. కాస్త కత్తిరిస్తే సరి" అంటూ దాని వెంటపడ్డాడు. కత్తిరించి, నిన్నంతా ఫోన్ని కుట్టుమిషను పక్కనే ఊరికే పడేసి చూసుకున్నాడు. ఛార్జింగ్ దిగితే ఒట్టు! ఆయన మురిసిపోయాడు.

"ఏదీ, ఒకసారి నాకు ఫోన్ చెయ్యండి" అంది క్రేనక్క, టీ తాగుతూ.

"నీదంతా అనుమానమే" అంటూ చేశాడు. ఫోను సగం మోగి టప్పున ఆరిపోయింది. మళ్లీ చేశాడు, మళ్లీ అంతే.

"భలే! ఛార్జింగ్ దిగదు, ఫోనూ మోగదు. దీనికన్నా ఇటుకరాయి నయం. అమ్మ గొంతు వినకపోతే నేను ఊరుకోనండీ, చెప్తున్నా!" కోపంగా మొదలెట్టిన మాట ఏడుపులోకి దిగింది.

దర్జీ ముఖం పాలిపోయింది. ఫోను అటూ ఇటూ తిప్పి, నెత్తి కొట్టుకున్నాడు. "మనిషిని కదలకుండా నిలబెట్టి చొక్కా కొలత తీసినట్టు చేశానే! చెయ్యెత్తితే చంక పిగిలిపోదూ? ఊరికే పడున్నప్పుడు ఈ వోల్టేజీ చాలు. ఫోనొస్తే ప్రాసెసర్ ఒక్కసారిగా వేగం అందుకుంటుంది, అప్పుడు చాలక కూలబడుతోంది."

"అయితే వదులు చెయ్యండి, చూస్తారేం?"

వోల్టేజీ కొద్దిగా పెంచాడు. ప్రాసెసర్ మరీ పరుగెత్తకుండా పై వేగానికి కళ్లెం వేశాడు. తెర నత్తనడక పట్టింది గానీ ఫోను మాత్రం గణగణా మోగింది. పక్కింటివాళ్లు విసుక్కునేదాకా మోగిస్తూనే ఉన్నాడు, పిచ్చి మారాజు.

మధ్యాహ్నం కొక్కేనికి ఇనుపచువ్వల కట్ట గాల్లో వేలాడుతుండగా ఫోను మోగింది. చెల్లెలి నంబరు! కానీ బరువు గాల్లో ఉండగా చెయ్యి మీట వదలకూడదు, కింద మనుషులున్నారు. పళ్లు బిగబట్టి మెల్లగా దించుతోంది. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

కట్ట నేలకానింది. కింద మేస్త్రీ కొక్కెం విప్పి చెయ్యూపాడు. ఆవిడ వెంటనే తిరిగి ఫోన్ చేసింది. తెర తీరిగ్గా, బద్ధకంగా కదిలింది. అవతల ఎవరో ఎత్తారు. ఓ బొంగురు గొంతు, సన్నగా, తడబడుతూ వచ్చింది.

"ఫోనెత్తడానికి... ఇంతసేపేమిటే? చెవులు ఊడిపడ్డాయా?"

అచ్చం అమ్మే! క్రేనక్క పకపకా నవ్వింది, కళ్లనీళ్లు ధారకట్టాయి. ఆగి ఆగి, ఊపిరి తీసుకుని మరీ తిడుతోంది అమ్మ.

"తిట్టమ్మా, ఇంకా తిట్టు" అంది క్రేనక్క, ఫోను చెవికి అదిమిపట్టి. "ఛార్జింగ్ బోలెడుంది!"