మిరియానికీ ఊకకూ మధ్య

నేను ఒక జాలీ తలుపును. కోళ్లగూటికి బిగించే నాసిరకం తలుపుననుకోకండి. నా చట్రం అసలైన టేకు. కాకినాడ రేవులో ముప్పై ఏళ్లు ఉప్పునీళ్లు తాగిన ఒక లాంచీని విప్పగా వచ్చిన చెక్క అది. జగన్నాథపురం వంతెన దగ్గర వడ్రంగం చేసే వీరాచారిగారు ఆ చెక్కను చిత్రిక పట్టి, మధ్యలో సన్నకంటి ఇనుప జాలీ పరిచి నన్ను తయారుచేశారు. పని పూర్తయ్యాక నన్ను గోడకు ఆనించి, ఒక కన్ను మూసి చూసి, "వంకర లేదు" అన్నారు. ఆయన నోట అంతకు మించిన పొగడ్త ఎవరూ వినలేదట.

మొదట నన్ను కొన్నది కాజాల కొట్టు రామలింగంగారు. ఈగలు లోపలికి రాకుండా పందొమ్మిదేళ్లు కాపలా కాశాను. ఈగల్ని ఆపమని నన్ను పెట్టిన ఆ పెద్దమనిషే, వచ్చేపోయేవాళ్లను పలకరించడానికి నన్ను బార్లా తెరిచి నిలబడేవారు. ఈగలు కనబడితే మాత్రం తప్పు నాదే. తరవాత అద్దాల తలుపుల కాలం వచ్చింది. నన్ను పాత కలప అడితిలో పడేశారు. అక్కడ రెండు వానాకాలాలు తడిశాను. ఇనుము కొంచెం తుప్పు పట్టింది గాని, టేకు ఒక్క వెంట్రుకవాసి కూడా వంగలేదు.

అక్కడికి ఒక సాయంత్రం సూరిబాబు వచ్చాడు. రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి. మూరతో నన్ను కొలుచుకుని, "అవతల ఉన్నది కనపడాలండి, అందకూడదు. ఇది సరిపోద్దంటారా?" అని అడితివాడిని అడిగాడు. అవతల ఏముందని అడితివాడు అడిగితే, "పిల్లి అండి" అన్నాడు. పులి అన్నా అడితివాడు అంత వింతగా చూసేవాడు కాదేమో.

నన్ను సైకిలుకు కట్టి ఇంటికి తెచ్చాడు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అతని భార్య నూకరత్నం కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. వెనక గదికి ఉన్న పాత తలుపును చెదలు తినేశాయట. అక్కడ ఇప్పుడు కర్టెను గుడ్డ వేలాడుతోంది. సూరిబాబు నన్ను ఆ గుమ్మానికి అమర్చబోయి, కింద రెండంగుళాలు ఎక్కువగా ఉన్నానని రంపం తీసుకున్నాడు. లాంచీ చెక్క అని కూడా చూడలేదు. కోసి, మూడంగుళాలు కోసేశానని నాలిక కరుచుకున్నాడు.

నేను రాకముందు ఏం జరిగిందో వాళ్ల మాటల్లో విన్నాను. ఆ ఇంట్లో మిరియం అనే నల్లపిల్లి ఉంది. మూడేళ్ల కిందట చేపల బజారులో ఎవరో గోనెసంచిలో కట్టి వదిలేస్తే, నూకరత్నం విప్పి తెచ్చుకుంది. గిన్నె కింద పడితే మంచం కిందికి దూరేది. కొత్తమనిషి చెప్పుల చప్పుడుకే అటకెక్కేది. ఏడాది గడిచాక గాని నూకరత్నం ఒళ్లో పడుకోలేదు. మిషను తొక్కుతుంటే మాత్రం ఆ కాళ్ల పక్కనే నిద్రపోయేది. అదొక్కటే దానికి భయం లేని చప్పుడు.

అంతలో ఫ్యాక్టరీలో ఐసు దిమ్మల మీద కప్పే ఊకపోగులో సూరిబాబుకు ఒక పిల్లికూన దొరికింది. తల్లి లారీ కింద పడింది. గుప్పెడంత పసుపురంగు కూన. ఊకలోంచి తీస్తే అదీ ఊకలాగే ఉందట. దానికి ఊక అని పేరు పెట్టి, క్యారేజీ సంచిలో తెచ్చి, సరాసరి మిరియం ముందు దింపి, "ఇదిగోనే, నీ చెల్లెలు" అన్నాడు. మిరియం ఒళ్లంతా విరబోసుకుని, కూన ముక్కు మీద ఒక్కటి చరిచి, అటకెక్కేసింది. రెండు రోజులు దిగలేదు, తినలేదు. పెళ్లివాళ్లు కుట్టడానికిచ్చిన పట్టుగుడ్డ అటక మీదుంటే, దాని మీద భయంతో ఉచ్చ పోసింది.

"ఎక్కడ తెచ్చారో అక్కడే పెట్టి రండి" అంది నూకరత్నం.

"అక్కడ లారీలు తిరుగుతాయి రత్నం."

"ఇక్కడ నా పిల్లి చచ్చిపోయేలా ఉంది."

సూరిబాబు పశువుల ఆసుపత్రికి పరిగెత్తాడు. అక్కడి డాక్టరు జ్ఞానసుందరిగారు అంతా విని నవ్వారట. "మీ ఇంట్లో ఎవరో కొత్తావిడని మీ మంచం మీద కూచోబెట్టి, ఇక నుంచి ఈవిడ ఇక్కడే ఉంటారంటే మీ ఆవిడకెలా ఉంటుందండీ? ముందు ఒకదాని వాసన ఇంకోదానికి అలవాటవ్వాలి. తరవాత చూపులు. ముట్టుకోడం అన్నిటికన్నా ఆఖర్న. మధ్యలో జాలీ తలుపు పెట్టండి. తొందరపడితే మొదటికొస్తుంది" అన్నారట.

అలా నాకు మళ్లీ ఉద్యోగం వచ్చింది. ఈగల్ని ఆపడం కాదు, ఈసారి భయాన్ని ఆపాలి.

నూకరత్నం దగ్గర జాకెట్టు ముక్కలకు కొదవ లేదు. ఎర్రముక్కతో ఊక ఒళ్లు తుడిచి మిరియం కంచం పక్కన పెట్టింది. పచ్చముక్కతో మిరియం బుగ్గలు తుడిచి ఊక పడకలో వేసింది. మిరియం ఎర్రముక్కను చూసి బుస్సుమంది. ఊక పచ్చముక్కను కావలించుకుని నిద్రపోయింది. నాకు ఇటు నాలుగు మూరల దూరంలో ఒక కంచం, అటు అంతే దూరంలో ఇంకో కంచం. తింటున్నంతసేపూ మిరియం నా వైపు ఒక కన్ను వేసే ఉంచేది. అయినా తింది. ఆరు రోజుల్లో కంచాలు నాకు ఒక మూర దూరానికి జరిగాయి. నేను ఎదురుగా ఉంటే ఒక పిరికిపిల్లి అన్నం తింటోందని లోలోపల పొంగిపోయాను.

ఏడో రోజు సూరిబాబు తోటి పనివాడిని వెంటబెట్టుకొచ్చి కూనను చూపించాడు. కబుర్లలో పడి నా గడియ సరిగా వెయ్యలేదు. వాళ్లు వీధిలోకి వెళ్లగానే ఊక నన్ను తలతో తోసింది. ఎంత టేకునైతేనేం, గడియ పడకపోతే నేను వట్టి చెక్కనే. కూన పరుగెత్తి, అన్నం తింటున్న మిరియం తోక మీదికి దూకింది. మిరియం కిటికీలోంచి ఎగిరి, పక్కింటి పెంకుల మీదుగా పోయింది. మరి కనబడలేదు.

రెండు రోజులు నూకరత్నం మిషను ముట్టుకోలేదు. చేపముక్కలున్న కంచం పట్టుకుని, వీధి వీధీ పిలుస్తూ తిరిగింది. సూరిబాబు రేవు వైపంతా వెతికాడు. ఇంట్లో వాళ్లిద్దరికీ మాటల్లేవు. వెనక గదిలో ఊక ఒక్కతే నా జాలీకి ముక్కు ఆనించి, ఇవతలి ఖాళీ కంచాన్ని చూస్తూ కూర్చునేది. నన్ను చేసిన రోజు నుంచీ నాకు సిగ్గన్నది తెలియదు. ఆ రెండు రోజుల్లో తెలిసింది.

మూడో రోజు మధ్యాహ్నం పెళ్లివాళ్లు వచ్చి గొడవచేసి వెళ్లారు. వేరే దారి లేక నూకరత్నం మిషను ముందు కూర్చుంది. తొక్కడం మొదలుపెట్టింది. జాకెట్టుకు రెండు చేతులు, నడుంపట్టీ, మెడ అయ్యాయి. అప్పుడు కిటికీలో ఒక నల్లని తల కనబడింది. ఒళ్లంతా బురద, చెవి చీరుకుపోయింది. నూకరత్నం చూసింది. లేవలేదు, పిలవలేదు. ఆపితే పోతుందేమోనని, సూదిలో దారం తెగిపోయినా వట్టి మిషను తొక్కుతూనే ఉంది. చెంపల మీది నీళ్లు గుడ్డ మీద పడుతున్నాయి. మిరియం కిటికీ దిగి, గోడవారనే నడిచి, ఆమె కాళ్ల పక్కన పడుకుంది.

సాయంత్రం సూరిబాబు వచ్చి చూసి, గుమ్మంలోనే కూర్చున్నాడు. "రేపు ఊకని ఎక్కడన్నా ఇచ్చేసొస్తాన్లే" అన్నాడు.

నూకరత్నం దారం ఎక్కిస్తూ తలెత్తింది. "గడియెయ్యడం చేతకాక, పసిదాన్ని గెంటేస్తారా? తప్పు దానిదా, మీదా?"

"నాదే."

"మరి గడియ సరిగ్గా ఎయ్యండి. మళ్లీ మొదట్నుంచి మొదలెడదాం."

ఆ మాట విన్నాక నేను కూడా మడతబందుల్లో సర్దుకున్నాను. ఈసారి నా మీద పాత చీర కప్పారు. దాన్ని రోజుకు నాలుగు వేళ్ల మేర పైకెత్తేవారు. కంచాలు మళ్లీ నాలుగు మూరల దూరం నుంచి బయలుదేరాయి. సూరిబాబు గడియ వేశాక రెండుసార్లు లాగి చూసేవాడు. మిరియం బుస్సుమన్నప్పుడల్లా నూకరత్నం కంచాన్ని నిన్నటి చోటుకే జరిపేది. విసుక్కోలేదు. మనుషులకు ఇంత ఓపిక ఉంటుందని కాజాల కొట్టులో నాకు తెలియలేదు.

ఇరవై రోజులు దాటాక ఒక ఉదయం ఊక పచ్చముక్కను ఉండచుట్టి ఆడుతూ నా కిందికి తోసింది. సూరిబాబు కోసిన ఆ అదనపు అంగుళం సందులోంచి ఉండ ఇవతలికి వచ్చింది. మిరియం దాన్ని వాసన చూసింది. చెయ్యి చాపి, ఒక్కసారి కొట్టింది. ఉండ అవతలికి పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. నూకరత్నం కత్తెర పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆట ముగిశాక రెండు ముక్కులు నా జాలీకి చెరోవైపు ఆనాయి. ఆ రెండు ఊపిర్లూ వెచ్చగా నాకు తగిలాయి. లాంచీలో ఉండి చూసిన సముద్రమంతా కలిపినా ఆ రెండు ఊపిర్ల పాటి చెయ్యదు.

ఆ తరవాత నన్ను రోజూ కాసేపు తెరిచేవారు. మొదట అయిదు నిమిషాలు. మిరియం చరిచేది, గోళ్లు పెట్టేది కాదు. ఊక వెల్లకిలా పడుకునేది. అయినా ఒకదాని ఒంటికి ఒకటి ఆనుకుని కూర్చున్నది లేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం తుఫాను గాలి మొదలైంది. ఒక్క విసురుకు నేను ధడాలున మూసుకుపోయాను. గడియ దానంతటదే పడింది. ఊక వెనక గదిలో చిక్కుకుంది. అక్కడి కిటికీలోంచి జల్లు కొడుతోంది. ఉరిమింది. కూన గొంతు చించుకుని అరిచింది. నూకరత్నం వాకిట్లో ఆరేసిన గుడ్డలు తీసుకొస్తోంది. ఉరిమితే మంచం కిందికి దూరే మిరియం దూరలేదు. ఒళ్లు వణుకుతూనే నా దగ్గరికి వచ్చి, ముందు కాళ్లు రెండూ నా మీద వేసి, గీకడం మొదలుపెట్టింది. నా టేకు మీద తెల్లటి గీతలు పడ్డాయి. పడితే పడ్డాయి. మళ్లీ ఉరిమింది. చెవులు వెనక్కి పోయాయి గాని కాళ్లు తియ్యలేదు.

"గీకేది నువ్వటే?" అంటూ నూకరత్నం గుడ్డలన్నీ కింద పడేసి, నా గడియ తీసింది.

ఊక తడిసి ముద్దై ఇవతల పడింది. మిరియం దాన్ని ఒక కాలితో నొక్కిపెట్టి, తల మొదలుకుని తోక దాకా నాకింది. సూరిబాబు తడిసిపోయి వచ్చేసరికి నూకరత్నం పెదాల మీద వేలు పెట్టి చూపించింది. అతను వీధి గుమ్మంలోనే, నీళ్లు కారుతూ, వాన వెలిసేదాకా నిలబడ్డాడు.

మర్నాడు నా గడియ ఊడదీశారు. అప్పటి నుంచి గోడకు ఆనుకుని తెరిచే ఉంటున్నాను. కుట్టిన జాకెట్లు నాకే తగిలిస్తున్నారు. మొన్న కొలతలివ్వడానికి వచ్చినావిడ, "ఎప్పుడూ మూయని తలుపు దేనికమ్మా, అడ్డంగా?" అంది.

నూకరత్నం మిషను మీంచి తలెత్తలేదు. "అది చెయ్యాల్సిన పని చేసేసి కూచుందండి. కూచోనివ్వండి" అంది.