అణియం పలక

కాలువ కట్టేసి, పడవను దుంగల మీదికి ఎక్కించాక, ఇన్‌స్పెక్టరు రాకముందే నేను సుత్తి పట్టుకుని దాని చుట్టూ తిరిగాను. ఏటా ఎండాకాలంలో ఆయన వచ్చి కాలువలో తిరిగే ప్రతి పడవనూ చూస్తాడు. బాగుందని కాగితం రాసిస్తేనే లాకుల దగ్గర గేటు తెరుస్తారు. రాయకపోతే ఆ ఏడాది పడవ గట్టు మీదే.

మాది పాత పడవ. నా భార్య పెద్దింట్లమ్మ కాపురానికి వచ్చిన ఏడు కట్టించాం. సగం నాది, సగం ఆమె తమ్ముడు చిట్టియ్యది. ఆమె జ్వరంతో పోయింది. పడవ మిగిలింది.

అడుగు బాగుంది. పక్కలకు కొబ్బరి పీచు కూరి గుగ్గిలం పోస్తే చాలు. అణియం పలక దగ్గర మాత్రం సుత్తి మోగలేదు. అణియం అంటే పడవ ముక్కు, నీటిని చీల్చేది. చాకు మొన ఆనించాను. పిడి దాకా దిగింది.

"ఈ పలక మార్చాలి" అన్నాను.

చిట్టియ్య చేతిలో పీచు కింద పడేశాడు. "దానికి సుత్తి పెట్టావా బావా? అది అక్క చేతులద్దిన పలక!"

పడవ కట్టిన రోజున ఇంటి ఇల్లాలు రెండు చేతులూ పసుపులో ముంచి అణియం మీద అద్దడం మా వాళ్ల ఆచారం. ఆ రోజు నుంచి ఆ పలక అమ్మవారిది. కాలు తగలకూడదు, ఇనుము తగలకూడదు. ఏటేటా ఆ గుర్తుల మీదే మళ్లీ పసుపు పూస్తారు. ఆమె పోయాక మా అత్త అచ్చాయమ్మ పూస్తోంది. ఒక పలక లోపల పుచ్చిపోతున్నా ఎవరికీ తెలియకుండా ఉండాలంటే ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

అత్త గుడిసెలోంచి వచ్చింది. "దాని గుర్తంటూ మిగిలింది అదొక్కటేనయ్యా. అదీ పీకి పొయ్యిలో పెడతావా?"

"నానిపోయిన చెక్క, అత్తా. పొయ్యిలోనూ మండదు."

"నా కూతురు నీతో ఎలా వేగిందో!" అంది.

"ఆషాఢంలో మరిడమ్మ జాతరకి జనం పిల్లాజెల్లాతో ఎక్కుతారు. కొత్త నీరు. లాకు గోడకి ముక్కు ఒక్కసారి తగిలితే ఈ పలక ఊడిపోద్ది. అప్పుడు ఎవరి చేతులు అడ్డం పెడతావు?"

"ఇన్నాళ్లూ అమ్మే చూసింది. ఇప్పుడూ చూస్తది" అన్నాడు చిట్టియ్య.

వాళ్లతో మాట అనవసరమనిపించింది. బండి కట్టించుకుని టేకు పలక కోసం తుని వెళ్లాను. పలకతో తిరిగి వచ్చేసరికి గట్టు నిండా జనం. ఇన్‌స్పెక్టరు జోగేశ్వరరావు గారు చెప్పిన రోజుకంటే ముందే వచ్చేశారు.

మా పడవ ముక్కు మెరిసిపోతోంది. పుచ్చులో సున్నం, గుగ్గిలం కలిపి కూరారు. పైన పసుపు, కుంకుమ బొట్లు, వేపమండ. చేతి గుర్తులు మళ్లీ కొత్తగా అద్దారు.

ఆయన అడుగు తట్టారు, పక్కలు తట్టారు. అణియం దగ్గరికి రాగానే సుత్తి బంట్రోతుకిచ్చి, జోడు విప్పి దణ్ణం పెట్టుకున్నారు.

"ఎవరివయ్యా ఈ చేతులు?"

"మా అక్కవండి. ముత్తైదువగా పోయిందండి" అన్నాడు చిట్టియ్య.

"మహాతల్లి" అని ఆయన కాగితం అందుకున్నారు.

నేను ముందుకు వెళ్లాను. "అక్కడ తట్టలేదండి మీరు."

"పసుపు రాసిన చోట తట్టమంటావేంటయ్యా? పిల్లలు గలవాణ్ణి."

"పడవెక్కేవాళ్లకీ పిల్లలున్నారండి."

ఆయన మొహం ఎర్రబడింది. చిట్టియ్య అడ్డం వచ్చాడు. "మా బావని పట్టించుకోకండి. అక్క పోయిన కాడినించీ ఇంతేనండి. పడవంటే కోపం, పడవ మీద వాలిన కాకంటే కోపం."

గట్టు మీద అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరు గారూ నవ్వి, సంతకం చేశారు.

నేను బండిలోంచి గొడ్డలి తీశాను.

మొదటి దెబ్బకు సున్నం పెళ్ల రాలింది. రెండో దెబ్బకు చెక్క తడిసిన తవుడులా ఊడి వచ్చింది. అత్త నా చెయ్యి పట్టుకుంది. విదిలించాను. మరో రెండు దెబ్బలకు మనిషి తల పట్టేంత కంత పడింది. అవతలి వెలుతురు కనబడింది.

"చూడండి" అన్నాను.

ఆయన కంతను చూశారు. కాగితాన్ని చూశారు. "నేను సంతకం పెట్టినప్పుడు పడవ బాగానే ఉంది. తరవాత నువ్వు పగలగొట్టావు" అని కాగితం నా చేతిలో పెట్టి, జోడు వేసుకుని పక్క పడవ దగ్గరికి వెళ్లారు. దాని ముక్కుకూ పసుపుంది. అక్కడ మళ్లీ జోడు విప్పారు.

"నీ చేతులు పడిపోనూ!" అని అత్త మట్టెత్తి నా మీద పోసింది. తరవాత కూచుని ముక్కలు ఏరి ఒళ్లో వేసుకుంది. పట్టుకున్నవి పట్టుకున్నట్టే పొడి అయిపోతున్నాయి. అది చూసి కూడా ఆవిడ నోటివెంట ఔనన్న మాట రాలేదు. నేనూ రాబట్టాలనుకోలేదు.

కొత్త పలక వంచి బిగించాలంటే ఇద్దరు కావాలి. చిట్టియ్య వచ్చి దూరంగా నిలబడ్డాడు. "ఆ చివర పట్టుకోనా బావా?"

"అక్కర్లేదు."

అవతలి చివరను తాడుతో గుంజకు కట్టి ఒక్కణ్ణే బిగించాను. పొద్దుగూకింది. వాడు ఎప్పుడు వెళ్లాడో చూడలేదు.

కాలువకు నీళ్లు వదిలారు. మా పడవలోకి చుక్క రాలేదు. జాతర జనం వచ్చారు. నున్నటి టేకు ముక్కును చూసి, అమ్మవారిని గొడ్డలితో నరికినవాడి పడవ ఇదేనని చెప్పుకుని ముందుకు పోయారు. పక్క పడవ నిండుతోంది. దాని అణియం మీద పసుపు పెచ్చులూడేంత మందంగా ఉంది. చిట్టియ్య దాని మీద కూలికి చేరాడు. "సామర్లకోట! పెద్దాపురం పోయేవాళ్లు రండి!" అని కేకలేస్తున్నాడు.

ఒకావిడ ఇద్దరు పిల్లల్ని చంకలకెత్తుకుని దాంట్లోకి ఎక్కింది. పడవ నీళ్లలోకి ఇంకాస్త దిగింది.

"దిగండి! ఆ ముక్కు తట్టి చూడలేదెవరూ. దిగండి!" అని అరిచాను.

ఆవిడ నా వైపు చూసి, పిల్లలకు నా మొహం కనబడకుండా పైట అడ్డం పెట్టింది.