గంటగోపురానికి సున్నం

ముంతలో సున్నం అడుగంటింది. గంటగోపురం చివర, వెదురు పరంజి మీద నిలబడి ఆమె పీచుకుంచెను మళ్లీ ముంచింది. మోచేతుల దాకా చర్మం పొలుసులు లేచింది. కింద వసారాలో ఉయ్యాలలోని పాప కెవ్వుమంది. అంత ఎత్తునా రొమ్ముల్లో పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసింది. మధ్యలో దిగితే గోడకు అతుకు పడుతుంది. దిగలేదు.

"చెయ్యి తేలిగ్గా పడాలమ్మా! గోడకి సున్నమేస్తున్నావా, మొట్టికాయలేస్తున్నావా?" కింద నుంచి కళ్లజోడు సర్దుకుంటూ మామయ్య కేక.

"ముందు ఆ ఉయ్యాల ఊపండి మామయ్యా!"

ఈ గుడికి సున్నం వేసేది ఎప్పుడూ మామయ్య ఇంటివాళ్లే. మొదట గుడిగా వేసిన తాటాకు పాక కాలిపోయింది. తర్వాతి మట్టిగోడలు వరదకు కరిగిపోయాయి. మూడోసారి ఊరు మొండికేసింది. ప్రార్థనకు వచ్చే ప్రతి మనిషీ ఏటి నుంచి ఒక రాయి మోసుకొచ్చాడు. చూలింతలు గులకరాళ్లు తెచ్చారు. పొద్దున పెచ్చులు గీకుతుంటే తెలుపు కింద తెలుపే, ఒక్క పొర మాత్రం నీలం. నీలమంటే పడిచచ్చే ఫాదరు ఒకాయన ఉండేవాడట. ఆయన బదిలీ అయిన వారమే మామయ్య తండ్రి మళ్లీ తెల్లగా కొట్టేశాడట.

రేపటికి రాతిగుడికి నూరేళ్లు. భర్త మోకాలు విరిగి మంచాన ఉన్నాడు. ఆడమనిషి గోపురమెక్కడమేమిటని నసిగిన గుడిపెద్ద, పొద్దుగూకేలోగా తెల్లబడకపోతే ఇకమీదట పని పట్నంవాళ్లకేనన్నాడు. సున్నపురాళ్లను నీళ్లలో విరిచి కలపడం ఆమెకిదే మొదలు. పలచనైందేమోనని కుంచె ముంచిన ప్రతిసారీ వేలితో చూసుకుంటూనే ఉంది.

దిగి పాపకు పాలిస్తుండగా గుడిపెద్ద వచ్చాడు. తడిగోపురం బూడిదరంగులో ఉంది.

"ఇదేంటయ్యా, నీ కోడలు నీళ్లు చల్లి దిగిందా?"

"ఆరనివ్వవయ్యా! పెళ్లికూతుర్ని తలంటు దగ్గరే చూసేస్తావా?" అన్నాడు మామయ్య. అని, వెళ్లి మెట్టు మీద కూలబడ్డాడు.

పడమటి ఎండ తిరిగింది. ముందు శిలువ కింద అంచు పాలిపోయింది. తర్వాత ఒక పక్క, ఆపైన గోపురమంతా, పాలు పొంగినట్టు తెల్లగా పైకి లేచింది. పొలాల్లోంచి వస్తున్నవాళ్లు గట్ల మీదే నిలబడిపోయారు. ఎవరో ఆగలేక గంట కొట్టారు. గుడిపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే ఏటికి సున్నం ఎప్పుడు నానబెడతావమ్మా?"

ఆమె నవ్వుతూ, పాపను భుజాన వేసుకుని మెట్ల దగ్గరికి పరుగెత్తింది. "మామయ్యా, విన్నారా?"

ఆయన గోడకు చేరగిలబడి, తలెత్తి గోపురం వైపే చూస్తున్నాడు. ఊపిరి లేదు.

ఆయన్ని ఇంటికి మోసుకెళ్లాక మెట్టు మీద ఆయన కళ్లజోడు మిగిలింది. అద్దాల నిండా పైనుంచి రాలిన సున్నపు చుక్కలు. ఒక అద్దంలో మాత్రం, బొటనవేలితో తుడిచినంత మేర తేటగా ఉంది.