నైటీ అంటే రాత్రిది

“నైట్ అంటే ఏంది? రాత్రి. మరి నైటీ అంటే? పదో తరగతి దాక సదివినవ్, గంత తెల్వదా?”

పగటిపూట నేను నైటీలో బట్టలు ఆరేస్తుంటే మా ఆయన అడిగే ప్రశ్న ఇది. జవాబు నాకు తెలుసు. పేరు పెట్టినవాళ్లకు రాత్రి వేరు, పగలు వేరు అయ్యుంటాయి. మా పటాన్‌చెరు సందులో ఆ రెండూ ఎప్పుడో కలిసిపోయాయి. అంట్ల నీళ్లు చిందినా, రాత్రంతా దగ్గిన పాప తెల్లవారుజామున కక్కినా ఏమీ అనని బట్ట నాకు అదొక్కటే. గేటు దాకా వెళ్లాలంటే పైన చున్నీ ఉండాలి, గేటు దాటాలంటే చీర కట్టాలి. అది మా అత్తమ్మ పెట్టిన రూలు.

మొన్న మధ్యాహ్నం అంగన్‌వాడీ టీచర్ ఫోన్ చేసింది. మా పాప నిషిత మెట్ల మీద పడిందట, నుదురు పగిలి రక్తం ఆగడం లేదట. అది తుమ్మితేనే నాకు గుండె జారుతుంది. చెప్పులు వెతుక్కుంటుంటే అత్తమ్మ తలుపుకు అడ్డం నిలబడింది.

“గిట్లనే పోతవా? జల్దీ చీర సుట్టుకో. రోడ్డు మీద కంపెనీల పోరగాండ్లుంటరు. నా కొడుకు ఇజ్జత్ తీస్తవా?”

“నీ కొడుకు ఇజ్జత్ నా నైటీల ఉందా అత్తమ్మా?”

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని సందు చివరికి చేరాక గానీ నాకు తెలియలేదు. పైన చున్నీ కూడా లేదు. ముత్తంగి వైపు పోయే లారీల మధ్య సిగ్గు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.

దవాఖానాలో కుట్లు వేస్తున్నంతసేపూ నిషిత నా నైటీ మెడ పట్టుకుని వదల్లేదు. అంతా అయ్యాక మా ఆయన పరుగున వచ్చాడు, వదులుగా వేలాడే నీలం కంపెనీ యూనిఫాంలో, ఒళ్లంతా కెమికల్ వాసనతో.

“పాపం, డ్యూటీల కెల్లి సీద వచ్చిండు,” అని పక్కామె జరిగి చోటిచ్చింది.

ఆయన పాప కట్టు చూశాడు. తర్వాత నన్ను చూశాడు, కింది నుంచి పైదాకా.

“పట్టపగలు నైటీల రోడ్డెక్కినవా? నైటీ అంటే...”

“రాత్రిది. ఎర్కే,” అన్నాను. “రాత్రి ఎక్కిన డ్యూటీ ఇంక దిగలే. బదులు ఎక్కే రిలీవర్ రాంది షిఫ్ట్ దిగొద్దని నువ్వే చెప్తవ్ గదా. ఇగో, వచ్చినవ్.”

నిషితను ఆయన చేతుల్లో పెట్టాను. రోడ్డవతల హోటల్లో చాయ్ చెప్పి, బయటి బెంచీ మీద నైటీలోనే కూర్చుని, వేడివేడిగా తాగాను.